బీడీ కట్ట మీద ఆ బొమ్మ ఎందుకుంది? పొగాకు ప్యాకెట్ల హెచ్చరికలు, మన దేశ చట్టం

మీ ఇంట్లో బీడీ, సిగరెట్, తంబాకు పుడి వాడేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ ప్యాకెట్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని నిదానంగా చూడండి. ముందు కంటికి కనిపించేది కంపెనీ పేరు కాదు, జబ్బు చేసిన మనిషి ఫొటో. చూడబుద్ధి కాదు. దాని దగ్గరే ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలు, నల్ల పట్టీ మీద ఒక ఫోన్ నంబరు. కంపెనీ పేరు మిగిలిన కాస్త చోటులో ఇరుక్కుని ఉంటుంది.

తన సరుకు మీద తానే ఇలాంటి బొమ్మ వేసుకునే వ్యాపారి ఎక్కడా ఉండడు. చట్టం వేయిస్తే వేసిన బొమ్మ అది. ఎంత పెద్దగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి, ఏ భాషలో రాయాలి, వేయకపోతే శిక్ష ఏమిటి అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ఆ వివరాలే ఇక్కడ ఇస్తున్నాం. పిల్లలు ప్రాజెక్టులకు వాడుకోవచ్చు, పెద్దవాళ్లు తెలుసుకోవడానికి చదవొచ్చు.

మన షోలాపూర్ తెలుగువాళ్లకి ఈ సంగతి మిగతావాళ్లకంటే కొంచెం దగ్గరిది. తరాల కిందట నల్గొండ, కరీంనగర్, పాలమూరు, వరంగల్ వైపు నుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్లు మగ్గం పట్టుకుంటే, ఆడవాళ్లు బీడీ చాట ఒళ్లో పెట్టుకున్నారు. ఇప్పటికీ మన బడికి వచ్చే పిల్లల్లో కొందరి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం వెయ్యి బీడీల లెక్కన వచ్చిన కూలీలోంచే. కాబట్టి బీడీ చెడ్డదని ఒక్క మాటలో అనేసి పక్కకు తప్పుకోవడం మాకు కుదరదు. చట్టం ఏమంటోందో ఉన్నదున్నట్టు చెప్తాం.

1975 నుంచి 2003 దాకా

మన దేశంలో ప్యాకెట్ మీద హెచ్చరిక 1975 చట్టంతో వచ్చింది. అది ఒక్క సిగరెట్లకే. ‘సిగరెట్ తాగడం ఆరోగ్యానికి హానికరం’ అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం, బొమ్మా లేదు, ఏమీ లేదు. బీడీల సంగతి, నమిలే తంబాకు సంగతి ఆ చట్టం ఎత్తలేదు. దేశంలో సిగరెట్ తాగేవాళ్లకంటే బీడీ తాగేవాళ్లు ఎక్కువ, వాళ్లిద్దరికంటే నమిలేవాళ్లు ఎక్కువ. ఎక్కువమంది వాడేవాటిని వదిలేసి తక్కువమంది వాడేదానికి హెచ్చరిక పెట్టారన్నమాట.

ఆ లోటు తీర్చింది 2003 చట్టం. పూర్తి పేరు చాలా పొడుగు. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం అంటే సరిపోతుంది, పొట్టిగా కోట్పా అంటారు. 2004 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని చివర్లో ఒక పట్టిక ఉంది, అందులో పది రకాలు: సిగరెట్లు, సిగార్లు, చుట్టలు, బీడీలు, పైపులో హుక్కాలో వేసే పొగాకు, నమిలే పొగాకు, నశ్యం, పొగాకు కలిసిన పాన్ మసాలా, గుట్కా, పొగాకు కలిసిన పళ్లపొడి. చివరిది ఎందుకు పెట్టారా అనుకుంటున్నారా? మన వీధుల్లో మిశ్రీతో పళ్లు తోముకునే అవ్వలను అడగండి, వాళ్లే చెప్తారు.

ఈ చట్టంలో ప్యాకెట్‌కి సంబంధించినవి 7 నుంచి 10 దాకా ఉన్న సెక్షన్లు. ఏడో సెక్షన్ ప్రకారం హెచ్చరిక లేని ప్యాకెట్‌ను తయారు చేయకూడదు, సరఫరా చేయకూడదు, అమ్మకూడదు, బయటి దేశం నుంచి తెప్పించకూడదు. ఎనిమిది, పది సెక్షన్లు హెచ్చరిక కొట్టొచ్చినట్టు కనబడాలని, అక్షరాలు చదవగలిగే సైజులో ఉండాలని చెప్తాయి. తొమ్మిదోది భాష గురించి. భాషా మైనారిటీ బడి కాబట్టి మనం కాస్త ఎక్కువసేపు ఆగాల్సింది దాని దగ్గరే.

హెచ్చరిక ఏ భాషలో ఉండాలి?

2003లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం చేయించింది. భారత్ దాన్ని 2004 ఫిబ్రవరిలో ఆమోదించింది. ఆ ఒప్పందంలోని పదకొండో ఆర్టికల్, హెచ్చరికలు ఆ దేశపు ప్రధాన భాషలో లేదా భాషల్లో ఉండాలంటుంది. ఫ్రాన్స్‌కో, జపాన్‌కో అయితే ఈ మాటతో పని అయిపోతుంది. రాజ్యాంగంలోనే 22 భాషలు రాసుకున్న దేశం ఏం చేయాలి? అరచేతిలో పట్టే ప్యాకెట్ మీద 22 భాషల్లో రాస్తే ఒక్కటీ కంటికి ఆనదు.

తొమ్మిదో సెక్షన్ దీనికి ఒక దారి చూపింది. ప్యాకెట్ మీద ఇంగ్లిష్ వాడితే హెచ్చరిక ఇంగ్లిష్‌లో. ఏదైనా భారతీయ భాష వాడితే ఆ భాషలో. ఇంగ్లిష్, భారతీయ భాష రెండూ వాడితే రెండింట్లో. విదేశీ భాష మాత్రమే ఉంటే ఇంగ్లిష్‌లో. ఆ తర్వాత 2008లో వచ్చిన నియమాలు దీన్ని ఇంకొంచెం తేల్చి చెప్పాయి. ప్యాకెట్ మీద ఒకటికంటే ఎక్కువ భాషలు ఉంటే హెచ్చరిక రెండు భాషల్లో రావాలి. ఒకటి బ్రాండ్ పేరు రాసిన భాష, రెండోది ప్యాకెట్ మీద వాడిన మరో భాష.

ఇందులో న్యాయం ఉంది. ఒక భాషలో పిలిచి అమ్ముకునేవాడు, అదే భాషలో హెచ్చరించాలి. మరాఠీలో పేరు పెట్టుకుని, హెచ్చరిక మాత్రం ఎవరికీ అర్థం కాని భాషలో అడుగున రాసేస్తే కుదరదు.

అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. చట్టం ప్యాకెట్ ఏ భాష మాట్లాడుతోందో చూస్తుంది, కొనేవాడు ఏ భాష మాట్లాడతాడో అడగదు. కట్ట మీద తెలుగు అక్షరం ఒక్కటైనా ఉంటే తెలుగు హెచ్చరిక అడగడానికి ఆధారం ఉంటుంది. కట్ట అంతా మరాఠీలో ఉంటే హెచ్చరిక కూడా మరాఠీలోనే ఉంటుంది. ఆ కట్ట చుట్టింది తెలుగు చెయ్యి కావచ్చు, వాడలో కొని వెలిగించేది తెలుగు తాత కావచ్చు, ఆ లెక్క చట్టానికి లేదు. హోసూరు తెలుగువాళ్లకి తమిళ ప్యాకెట్, బళ్లారివాళ్లకి కన్నడ ప్యాకెట్, బరంపురంవాళ్లకి ఒడియా ప్యాకెట్ ఇలాగే. మనలాంటి ఊళ్లలో రెండు మూడు లిపులు గుర్తుపట్టేది బడికి వెళ్లే పిల్లలే. అవ్వకు మరాఠీ మాట వచ్చు, బజారులో బేరం ఆడగలదు, అక్షరం మాత్రం రాదు. ఆమె పుడి కొనేది పేరు చదివి కాదు, రంగు చూసి. ‘ఎర్రది ఇయ్యి’ అంటుంది, అంతే.

అలాంటి మనిషికి ఏ భాషలో రాసినా ఒకటే. అందుకే బొమ్మ వచ్చింది.

తేలు బొమ్మ నుంచి ఇప్పటి ఫొటోల దాకా

బొమ్మల నియమాలు మొదట 2006లో ప్రకటించారు, అమలు కాలేదు. మళ్లీ 2008లో కొత్తగా రాశారు. చివరికి 2009 మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు, మన దేశంలో ప్యాకెట్ల మీదికి బొమ్మలు ఎక్కాయి. ప్యాకెట్ ముందు భాగంలో 40 శాతం చోటు. వెనక భాగం ఖాళీ.

తాగేవాటి మీద ఊపిరితిత్తుల బొమ్మ వేశారు. నమిలేవాటి మీద తేలు బొమ్మ. తేలు ఎందుకో మీరే చెప్పండి. ప్రమాదం అని సూచించడానికి పెట్టారు గానీ, చదువు రాని మనిషి దాన్ని చూసి ఏమనుకుంటుంది? తేలు మార్కు తంబాకు అనుకుంటుంది. మన దగ్గర అగ్గిపెట్టెల నుంచి టపాకాయల దాకా జంతువుల మార్కులు మామూలే కదా. తేలుకీ నోటి పుండుకీ సంబంధం ఏమిటో బొమ్మ చెప్పలేదు. ఈ బొమ్మలు బలహీనంగా ఉన్నాయని అప్పట్లో విమర్శలు కూడా బాగానే వచ్చాయి. 2011 డిసెంబరు నుంచి వాటిని మార్చారు, నమిలేవాటి మీదికి నోటి క్యాన్సర్ ఫొటోలు వచ్చాయి. 2013 ఏప్రిల్‌లో మళ్లీ మార్చారు.

ఎందుకు మారుస్తూ ఉండాలి అంటే, రోజూ చూసే బొమ్మ కొన్నాళ్లకి కనబడకుండా పోతుంది. గోడ మీద క్యాలెండర్‌లో దేవుడి బొమ్మని రోజూ గమనిస్తున్నామా? అందుకే నిర్ణీత కాలానికి కొత్త ఫొటో, కొత్త మాట రావాలని నియమం. 2018 సెప్టెంబరు 1 నుంచి ఫొటోతో పాటు మానేయడానికి సాయం చేసే ఫోన్ నంబరు కూడా తప్పనిసరి చేశారు. 2022 డిసెంబరు 1 నుంచి పొగాకు వల్ల బాధాకరమైన చావు వస్తుందనే అర్థం వచ్చే మాట, 2023 డిసెంబరు 1 నుంచి పొగాకు వాడేవాళ్లు చిన్న వయసులోనే చనిపోతారనే అర్థం వచ్చే మాట వేశారు. మీ చేతిలో ఉన్న ప్యాకెట్ మీద తయారీ తేదీ ఉంటుంది, అదీ తప్పనిసరే. తేదీని, మాటని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ విడత సరుకో తెలిసిపోతుంది.

85 శాతం: లెక్క, గొడవ

2014 అక్టోబరులో కేంద్రం నియమాలను సవరించి, హెచ్చరిక ప్యాకెట్ ముందూ వెనకా రెండువైపులా 85 శాతం ఉండాలంది. అందులో 60 శాతం ఫొటో, 25 శాతం అక్షరాలు. ఎంత చిన్న పుడి అయినా సరే హెచ్చరిక 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. అది ప్యాకెట్ పై అంచు నుంచి మొదలవ్వాలి, దేనితోనూ కప్పేయకూడదు.

ఏడో తరగతి పిల్లలకు ఇది మంచి లెక్క. 10 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టె అనుకోండి. ఒక వైపు వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు. ఫొటోకి 36, అక్షరాలకి 15, కలిపి 51. కంపెనీకి మిగిలేది 9. ఇక పాత నియమం ప్రకారం చూడండి. ముందు వైపు 40 శాతం అంటే 24, వెనక వైపు సున్నా. రెండు వైపులా కలిపి 120లో 24 అంటే సగటున 20 శాతమే. ఆ 20 శాతంతో 2014లో ప్రపంచ దేశాల వరసలో మన స్థానం 136. 85 శాతం వచ్చాక 2016లో 205 దేశాల్లో మూడోది అయ్యింది. ఈ వరస ప్రకటించేది కెనడా క్యాన్సర్ సొసైటీ. ఫొటో హెచ్చరికలు ముందుగా తప్పనిసరి చేసిన దేశం కూడా కెనడాయే. మన పొరుగున ఉన్న నేపాల్ మనకంటే ముందే 90 శాతానికి వెళ్లింది. ఆస్ట్రేలియా 2012లోనే కంపెనీ రంగులు, గుర్తులు మొత్తం తీయించేసి, అన్ని బ్రాండ్లకీ ఒకే మురికి రంగు పెట్టె పెట్టింది.

బీడీ కట్టకి ఈ లెక్క కుదరదు, ఎందుకంటే దానికి ముందూ వెనకా ఉండవు. అందుకే దాని చుట్టూ తిరిగే లేబుల్ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటారు. లేబుల్ విప్పి బల్ల మీద పరిచి, పొడవుని వెడల్పుతో హెచ్చవేసి, అందులో 85 శాతం. 12కి 6 లేబుల్ అయితే 72లో 61.2. లేబుల్ ఎలా చుట్టినా, ఏ వైపు నుంచి చూసినా హెచ్చరిక తగలాలన్నది ఉద్దేశం.

ఈ 85 శాతం అంత తేలిగ్గా రాలేదు. 2015 ఏప్రిల్ 1న రావాల్సింది ఆగిపోయింది. పార్లమెంటు కమిటీ ఒకటి దీన్ని పరిశీలిస్తూ ఉండగా, అందులోని కొందరు సభ్యులు పొగాకుకీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని మన దేశంలో అధ్యయనాలు లేవన్నట్టు మాట్లాడి దేశమంతా వార్త అయ్యారు. బీడీ వ్యాపారం ఉన్న ఎంపీ కూడా ఆ కమిటీలో ఉన్నారు. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో నోటి క్యాన్సర్ వార్డు ఉన్న రాష్ట్రంలో కూర్చుని ఆ మాట వింటే ఏమనిపిస్తుందో మీకే వదిలేస్తున్నాం. కమిటీ చివరికి 50 శాతం చాలంది. ప్రభుత్వం మాత్రం 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతమే అమలు చేసింది. పెద్ద సిగరెట్ కంపెనీలు కొన్నాళ్లు ఉత్పత్తి ఆపేశాయి.

కేసులు చాలా హైకోర్టుల్లో పడ్డాయి. 2016 మేలో సుప్రీంకోర్టు నియమాలు పాటించాల్సిందేనని చెప్పి, కేసులన్నిటినీ కర్ణాటక హైకోర్టుకి పంపింది. 2017 డిసెంబరు 15న ఆ హైకోర్టు 85 శాతం నియమాన్ని కొట్టేసింది. పాత 40 శాతం తిరిగి వచ్చేలా కనిపించింది. మూడు వారాలు తిరగ్గానే, 2018 జనవరి 8న, సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. పౌరుల ఆరోగ్యానికి ముందు చోటు ఇవ్వాలంది. ఇవాళ మీ చేతిలో ఉన్న కట్ట మీద అంత పెద్ద ఫొటో ఉందంటే ఆ స్టే వల్లే.

కంపెనీల వైపు వాదనల్లో ఒకటి మన గురించే. హెచ్చరిక పెద్దదైతే బీడీ అమ్మకం పడిపోతుంది, లక్షల మంది బీడీ కార్మికుల పొట్ట కొట్టినట్టు అవుతుంది అన్నారు. మన తల్లుల పేరు చెప్పి వాదించారన్నమాట. బీడీ కార్మికుల బతుకు చిన్న విషయం కాదు, దానికి వేరే పని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. కానీ వెయ్యి బీడీల కూలీ పెంచమని అడిగినప్పుడు కనబడని ప్రేమ, లేబుల్ సైజు దగ్గర ఎందుకు పుట్టుకొచ్చిందో ఆలోచించుకోవచ్చు.

బొమ్మ పని చేస్తోందా?

దేశవ్యాప్తంగా పెద్దల పొగాకు వాడకం మీద రెండు పెద్ద సర్వేలు జరిగాయి, 2009–10లో ఒకటి, 2016–17లో ఒకటి. మొదటిదాంట్లో పెద్దవాళ్లలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. రెండోదాంట్లో అది 28.6 శాతానికి తగ్గింది. తగ్గినదంతా బొమ్మ వల్లే అనలేం. ధరలు పెరిగాయి, గుట్కా మీద నిషేధాలు వచ్చాయి. కానీ అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. ప్యాకెట్ మీద హెచ్చరిక చూసి మానేద్దామని అనిపించిందా? సిగరెట్ తాగేవాళ్లలో అవునన్నవాళ్లు 38 శాతం నుంచి 62 శాతానికి పెరిగారు. బీడీ తాగేవాళ్లలో 29 నుంచి 54కి. నమిలేవాళ్లలో 34 నుంచి 46కే. అనుకోవడం వేరు, మానడం వేరు, నిజమే. అనుకోకుండా మానినవాళ్లు కూడా లేరు కదా.

నమిలేవాళ్ల అంకె తక్కువ ఉండటం మనకి కలవరం కలిగించాలి. ఎందుకంటే మన మహారాష్ట్రలో 2016–17 లెక్క ప్రకారం పొగ తాగే పెద్దలు 3.8 శాతమే, పొగలేని పొగాకు వాడేవాళ్లు 24.4 శాతం. ఆడవాళ్లలో కూడా 16.6 శాతం. పుడి చిన్నది, పైనుంచి చింపి చేతిలో ఒంపుకోగానే కింద పడేస్తారు. బొమ్మని చూసే సమయం ఎంత? మిశ్రీ ఇంట్లోనే కాల్చి పొడి చేసుకుంటే ఇక ప్యాకెట్ ప్రసక్తే లేదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. హెచ్చరిక బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ సరుకు అమ్మొచ్చని కాదు. మహారాష్ట్రలో గుట్కా అమ్మకం 2012 జూలై నుంచి నిషేధం. దాని మీద ఎంత పెద్ద ఫొటో ఉన్నా ఇక్కడ అమ్మడం తప్పే. ఈ-సిగరెట్ల మీద ఏ హెచ్చరికా అక్కర్లేదు, ఎందుకంటే 2019 నుంచి వాటిని దేశంలో ఎక్కడా తయారు చేయకూడదు, అమ్మకూడదు.

ప్యాకెట్ చూడని వాళ్లు

పాన్ డబ్బా దగ్గర నిలబడి ఒక్క సిగరెట్, రెండు బీడీలు కొనేవాడికి ప్యాకెట్ కనిపించదు. పెట్టె దుకాణదారు దగ్గరే ఉంటుంది, ఫొటో చూసేది అతనొక్కడే. కుర్రవాళ్లు మొదలుపెట్టేది కూడా విడి సిగరెట్‌తోనే, పెట్టె కొనే డబ్బు జేబులో ఉండదు కాబట్టి. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో విడిగా సిగరెట్లు, బీడీలు అమ్మడాన్ని నిషేధించింది. కారణం ఇదే, విడిగా అమ్మితే కొనేవాడికి హెచ్చరిక చేరదని. నిషేధం ఉంది గానీ, మన వీధి చివర డబ్బాలో ఏం జరుగుతోందో మీకూ తెలుసు. కెనడావాళ్లు దీనికి వేరే ఉపాయం పట్టారు. 2023 నుంచి ఒక్కో సిగరెట్ మీదే హెచ్చరిక ముద్రించడం మొదలుపెట్టారు. బీడీ ఆకు మీద అచ్చు వేయడం అయ్యే పని కాదు కాబట్టి, ఆ ఉపాయం మన దగ్గర సగమే పనికొస్తుంది.

రెండో రకం, చుట్టేవాళ్లు. హెచ్చరికంతా కొనేవాడిని ఉద్దేశించిందే. చట్టం పట్టికలో బీడీ ఉంది, బీడీలో నింపే జర్దా విడిగా లేదు. కార్ఖానా నుంచి తునికాకు, జర్దా ఇంటికి వచ్చేటప్పుడు దాని మీద ఏ బొమ్మా ఉండదు. ఒళ్లో చాట, చుట్టూ పొడి, పక్కనే పాకే బిడ్డ. లేబుల్ అంటించేసరికి ఆ ఘాటు అంతా ఇంటివాళ్లు పీల్చేసి ఉంటారు. దీనికి లేబుల్ చట్టం దగ్గర జవాబు లేదు. ఇంట్లో చేసుకోగలిగినవి మాత్రం కొన్ని ఉన్నాయి. చుట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. గాలి ఆడేచోట కూర్చోండి. జర్దాని వంటింటికి, పసిపిల్లలకి దూరంగా మూతపెట్టి ఉంచండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం కలపండి. పిల్లల చేత కత్తిరించడం, కట్టలు కట్టించడం చేయించకండి. బడి అయ్యాక ఇంటి పనిలో సాయం చేయొచ్చని బాలకార్మిక చట్టంలో ఉన్న మినహాయింపు బీడీ పనికి వర్తించదు.

బడి చుట్టూ వంద గజాలు

ఏ విద్యాసంస్థకైనా ప్రహరీ గోడ నుంచి వంద గజాల లోపల, అంటే సుమారు 91 మీటర్ల లోపల, పొగాకు అమ్మకూడదు. 18 ఏళ్లలోపువాళ్లకి ఎక్కడా అమ్మకూడదు, వాళ్ల చేత అమ్మించకూడదు. అలా అమ్మడం నేరమని దుకాణంలో బోర్డు ఉండాలి, అదీ స్థానిక భారతీయ భాషలో. బడి గేటు దగ్గర కూడా బోర్డు తప్పనిసరి. కోట్పా కింద దీనికి జరిమానా 200 రూపాయలే. ఇప్పటి ధరలకి అదేం లెక్క అని దుకాణదారు నవ్వొచ్చు. కానీ 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ చూస్తే నవ్వు ఆగుతుంది. పిల్లలకి పొగాకు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ‘నాకో పుడి తెచ్చిపెట్టు’ అని పిల్లవాణ్ని దుకాణానికి పంపే ఇళ్లు ఉన్నాయి. అలా పంపకండి. పిల్లవాడి చేతికి ఇచ్చిన దుకాణదారు ఇరుక్కుంటాడు, పిల్లవాడికి దుకాణం దారి అలవాటవుతుంది.

బడి ఆవరణలో ఎవరైనా పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం హెడ్మాస్టరుకే ఉంది. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి మెట్ల మీద బీడీ వెలిగించే పెద్దలకి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాం.

ప్యాకెట్ మీద హెచ్చరిక లేకపోయినా, చిన్నదిగా ఉన్నా, దాన్ని స్టిక్కరుతో కప్పేసినా సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని పోలీసు అధికారికి గానీ, రాష్ట్ర ఆహార, ఔషధ శాఖ అధికారికి గానీ చెప్పొచ్చు. సరుకు స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకి ఉంది. తయారుచేసినవాడికి మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా. అమ్మినవాడికి మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

నల్ల పట్టీలో ఉన్న నంబరు

ప్యాకెట్ మీద అక్షరం రానివాళ్లు కూడా వాడుకోగలిగినది ఒకటుంది, అంకెలు. 1800-11-2356. ఈ ఫోన్‌కి డబ్బులు పడవు. పొగాకు మానాలనుకునేవాళ్లతో మాట్లాడి, ఒక తేదీ పెట్టించి, ఆ తర్వాత కూడా ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కునే సేవ ఇది. మొదట 2016లో ఢిల్లీలో పెట్టారు, తర్వాత ముంబయి టాటా మెమోరియల్‌లో, బెంగళూరు నిమ్హాన్స్‌లో, గువాహటిలో కూడా కేంద్రాలు వచ్చాయి. దక్షిణాది భాషలు చూసుకునేది బెంగళూరు కేంద్రం. మహారాష్ట్ర నుంచి చేస్తున్నారు కాబట్టి ముందు మరాఠీలోనో హిందీలోనో పలకరించొచ్చు. ఫోన్ పెట్టేయకండి, తెలుగులో మాట్లాడాలని అడగండి. అవ్వకి నంబరు నొక్కడం రాకపోతే పిల్లలు నొక్కి ఇచ్చి, పక్కన కూర్చోండి.